పక్షుల కాలంలో

మా దీవిలో ఒక కట్టుబాటు ఉంది.
ఏప్రిల్ చివర ఈడర్ బాతులు సముద్రంలోంచి ఒడ్డెక్కాక
ఎవరూ సుత్తి ఎత్తకూడదు, తలుపు ధడాలున వేయకూడదు,
తీగ మీద తెల్ల దుప్పట్లు ఆరేయకూడదు.
కుక్కని అవతలి దీవిలో తోర్‌గున్ అత్త ఇంట్లో వదిలి రావాలి.
పిల్లలకి మోకాలు చిట్లినా
అరచెయ్యి కొరుక్కుని ఏడవాలి.

అమ్మ సరిగ్గా అప్పుడు పోయింది.

పెద్ద ఒడ్డు నుంచి పెట్టె తెచ్చిన పడవ
మా రాళ్ళ దగ్గరికి రాగానే ఇంజను ఆపి తెడ్లు వేసుకుంది.
పాస్టరు ప్రార్థన కూడా గుసగుసగానే చదివాడు,
ఆమెన్ అందరి గొంతుల్లోనే ఆగింది.
అన్నయ్య ఇంగ్‌వాల్ పడవల షెడ్డు వెనక్కి వెళ్ళి
టోపీని పళ్ళ మధ్య పెట్టుకున్నాడు.
వంటింటి మెట్ల కింద, గుడ్ల మీద కూర్చున్న ఒక బాతు
మమ్మల్నందరినీ ఒక్క కంటితో చూసింది.

చావు వచ్చిందని గుడ్లు ఆగవు.
మర్నాడు పొద్దున్నే గూళ్ళు చూడటానికి వెళ్ళాలి.
అమ్మ స్వెటరు తొడుక్కున్నాను, బూడిద రంగుది,
మోచేతి దగ్గర మూడు రకాల నూలుతో రఫూ చేసినది.
కొత్త బట్ట కనబడితే పక్షులు లేచిపోతాయి.
అమ్మలాగే ఎడమ కాలు కాస్త ఈడుస్తూ నడిచాను,
అమ్మ అన్నట్టే అన్నాను, ఒక్కో గూటి ముందూ వంగి,
"నేనేలే, నేనేలే."

అబద్ధమాడటం ఇంత తేలికనుకోలేదు.
రాతి గూళ్ళలో గానీ, బోర్లించిన పాత పడవ కింద గానీ
ఒక్క రెక్కా కదల్లేదు.

మార్చిలో సముద్రపు నాచు ఎండబెట్టేవాళ్ళం.
దానికి ఎండలు తగలాలి, వానలూ తగలాలి,
ఉప్పంతా పోయి, చేత్తో పట్టుకుంటే గలగలమనాలి.
అమ్మ దాన్ని గూట్లో పరిచి, మధ్యలో గుంట చేసి,
తన పిడికిలి అందులో పెట్టి కొలత చూసేది.
నన్ను పెట్టనిచ్చేది కాదు.
"నీ చేతులు చల్లనే" అనేది.
ఇప్పటికీ చల్లనే.
ఈ ఏడు అమ్మ మంచం మీద ఉంటే గూళ్ళన్నీ నేనే చేశాను.
కొన్నిటికి లోతు ఎక్కువైంది.
వాటిలోకి ఏదీ రాలేదు.

తాత లెక్కల పుస్తకంలో తొమ్మిది వందల గూళ్ళు.
అమ్మ పుస్తకం మొదటి పేజీలో రెండు వందల పది.
ఆ తర్వాత ముంగిస పోలికతో మింకులు ఈదుకుంటూ వచ్చాయి,
తర్వాత డేగలు, తర్వాత
సముద్రంలోనే ఏదో, పేరు ఎవరికీ తెలియదు.
పోయినేడు నలభై ఒకటి.
పక్కన పెన్సిల్‌తో, ముక్కలు ముక్కలుగా:
"మెట్ల కిందది ఈసారీ వచ్చింది.
కుడి కన్ను పోయింది దానికి.
ఇంకా దారి తెలుసు."

మగవి నలుపూ తెలుపూ మెరుస్తూ ముందే వెళ్ళిపోతాయి.
ఆడది తన రొమ్ము మీది నూగు తానే పీక్కుని
గుడ్ల చుట్టూ పరుచుకుంటుంది.
అరవై గూళ్ళ నూగు కలిస్తే ఒక దుప్పటి.
అలాంటి దుప్పటి మా ఇంట్లో ఎవరూ కప్పుకోలేదు.
ఎక్కడో, ఏ నగరంలోనో, ఎవరో
మా అమ్మ వంగిన నడుం కింద వెచ్చగా పడుకుంటారు.
అమ్మ గొర్రె ఉన్ని కింద పోయింది,
కాళ్ళు బయటికే.

జూన్ పదిహేడు. మెట్ల కింద ఖాళీ.
పిల్లల్ని వెంటేసుకుని రాత్రే నీళ్ళలోకి దిగిపోయినట్టుంది.
గడ్డిపోచలు ఏరి నూగు చేతిలోకి తీసుకున్నాను.
బరువు లేదు. కళ్ళు మూసుకుంటే
చేతిలో ఉందో లేదో తెలియదు,
చెయ్యి మాత్రం వేడెక్కుతోంది.

"వెళ్ళిపోయాయి, ఇక ఏడవచ్చు" అన్నాడు ఇంగ్‌వాల్.
నిచ్చెన వేసుకుని షెడ్డు కప్పెక్కి మేకులు కొట్టడం మొదలెట్టాడు,
ఊడినవీ, ఊడనివీ.
సుత్తి దెబ్బకి అవతలి దీవిలో కుక్క మొరిగింది.

నేను కూడా నోరు తెరిచాను.
ఏడు వారాలు గుసగుసలాడిన గొంతు,
దానికి వేరే మాట రాలేదు.
"నేనేలే" అంది.